మలావీ ప్రయాణానికి పెట్టెలు సర్దుతున్నాం: సంఘ సభ్యులకు కమిటీ విజ్ఞప్తి

ప్రభువు నందు ప్రియమైన సహోదరీ సహోదరులందరికీ సంఘ కమిటీ వందనాలు.

జులైలో మన సంఘం నుంచి ఆరుగురు సేవకు ఆఫ్రికాలోని మలావీ దేశం వెళ్తున్నారని అయ్యగారు ఆరాధనలో ప్రకటించిన దగ్గర్నుంచి గుడి వెనక గది నిండిపోతూనే ఉంది. పాత చీరలు, పొట్టివైపోయిన స్కూలు యూనిఫారాలు, సగం వాడిన మాత్రల పట్టీలు వచ్చాయి. ఎవరో ప్రెషర్ కుక్కర్ కూడా పెట్టి వెళ్లారు. మీ మనసు మంచిదే గానీ, వీటిలో చాలావరకు మేం మోసుకెళ్లలేం. ఎందుకో చెప్పి, అసలు ఏం కావాలో అడుగుదామని ఈ ఉత్తరం.

విమానంలో మనిషికి రెండు పెట్టెలు, పెట్టెకు 23 కిలోలు. ఒక పెట్టె వాళ్ల సొంతానికి పోతే, రెండోది మనం పంపే సామానుకి. అంటే మొత్తం ఆరు పెట్టెలు, 138 కిలోలు. అందులో ఖాళీ పెట్టెల బరువు తీసేయండి. కోశాధికారి గారు తూకం మిషన్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు, అరకిలో దగ్గర కూడా వాదిస్తున్నారు.

"ఆఫ్రికాలో ఎండలు కదా, సొంతానికి అంత పెట్టె దేనికి?" అని కొందరు అడిగారు. వెళ్లేది దెద్జా జిల్లా పల్లెలకు. దెద్జా పట్టణం సముద్ర మట్టానికి 1,500 మీటర్ల పైన ఉంటుంది, జులై అక్కడ చలికాలం. స్వెటర్, దుప్పటి, దోమతెర తప్పవు. ఇక మలేరియా మాత్రలు. డాక్సీసైక్లిన్ అయితే వెళ్లే ముందు మొదలుపెట్టి, ఇంటికొచ్చాక కూడా నాలుగు వారాలు రోజూ వేసుకోవాలి. పోయినసారి వచ్చిన వారానికే మానేసినవారు కమిటీలోనే ఉన్నారు, పేరు రాయడం లేదు. ఎల్లో ఫీవర్ ఉన్న ఇథియోపియాలోని అడిస్ అబాబా మీదుగా రాకపోకలు కాబట్టి, ముందుజాగ్రత్తగా అందరూ హైదరాబాద్ నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎంలో ఆ జ్వరానికి టీకా వేయించుకుంటున్నారు. ప్రయాణానికి పది రోజుల ముందే అది అయిపోవాలి.

మందుల సంగతి కాస్త గట్టిగా చెప్పాలి. ఇంట్లో మిగిలిన మాత్రలు, డాక్టర్ల దగ్గరి శాంపిళ్లు దయచేసి తేవద్దు. దానంగా పంపే మందులకు ఇంకా ఏడాదైనా గడువు ఉండాలని, ఒకసారి రోగికి ఇచ్చి మిగిలినవి పంపకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమాలే ఉన్నాయి. మన పిల్లలకు వేయని మాత్ర అక్కడి పిల్లలకు ఎలా వేస్తాం? పాత బట్టలదీ అదే కథ. బయటి దేశాల నుంచి మూటలకు మూటలు దిగే పాత బట్టలను అక్కడ 'కౌంజిక' అంటారు, ఏ సంతకు వెళ్లినా గుట్టలు పోసి ఉంటాయి. మన యూనిఫారాలు పోయి ఆ గుట్టల్లో కలవాల్సిందే.

అయితే చీరలు వృథా కాలేదు. స్త్రీల సమాజం వారు వాటిని కత్తిరించి చిన్న చిన్న సంచులు కుడుతున్నారు, కళ్లద్దాలు పెట్టడానికి. ప్లాస్టిక్ డబ్బాలు తీసేస్తే ఒక పెట్టెలో రెట్టింపు జతలు పడుతున్నాయి.

మేం ముఖ్యంగా అడుగుతున్నవి ఆ కళ్లద్దాలే. చత్వారం కళ్లద్దాలు, ప్లస్ 1.00 నుంచి 3.00 వరకు. పోయినసారి యాభై జతలు తీసుకెళ్తే మొదటి రోజు మధ్యాహ్నానికే అయిపోయాయి. ఒక పెద్దావిడకు ప్లస్ 2.50 పెట్టి, అక్కడి చిచేవా భాషలోని బైబిలు చేతికిచ్చాం. ఆమె దాన్ని జాగ్రత్తగా ఒడిలో పెట్టుకుని, అచ్చం మన చేటలాంటి బుట్ట దగ్గరికి లాక్కుని, చిక్కుడు గింజల్లో పుచ్చులు ఏరడం మొదలుపెట్టింది. పక్కనున్న కోడలు ఒకటే నవ్వు. పని అయ్యాకే బైబిలు తెరిచింది. "జికోమో" అంది, అంటే వందనాలు అని.

ఈసారి 600 జతలు అనుకుంటున్నాం. వాటితో పాటు గాజుగుడ్డ, బ్యాండేజీలు, చేతి తొడుగులు, కొద్దిగా సండే స్కూలు నోటు పుస్తకాలు. సబ్బులు, మొక్కజొన్న పిండి ఇక్కడి నుంచి మోయం, అక్కడి అంగడిలోనే కొంటాం. దాంతో అక్కడి కొట్టువాళ్లకూ నాలుగు డబ్బులు వస్తాయి. తిండి గురించి బెంగ వద్దు. వాళ్ల 'న్సిమా' మన సంకటికి చెల్లెలు, 'ఉసిపా' అనే ఎండు చేపలు మెత్తళ్లను గుర్తుచేస్తాయి. పచ్చళ్లు మాత్రం పంపకండి. పోయినసారి ఆవకాయ నూనె కారి నలభై పుస్తకాలు ఎర్రబడ్డాయి.

మనకిది కొత్త దారి కాదు. 1903లో జాన్ రంగయ్య గారు నెల్లూరు వైపు నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు వెళ్లి, తోటల్లో పనిచేసే తెలుగు కూలీల మధ్య సేవ చేశారు. ఆయన్ని పంపింది తెలుగు బాప్టిస్టుల హోం మిషనరీ సొసైటీయే.

విమాన టికెట్లు వెళ్లేవాళ్లే పెట్టుకుంటున్నారు, మీ కానుకలోంచి ఒక్క రూపాయి వాటికి పోదు. సామానుకి మొత్తం 1,80,000 రూపాయలు కావాలి. ఇప్పటిదాకా 65,000 వచ్చాయి. జూన్ రెండో ఆదివారం లోపు ఇవ్వగలిగితే కొనడానికి టైం ఉంటుంది. కవరు మీద 'మలావీ' అని రాసి కానుక పెట్టెలో వేయండి, లేదా ఆరాధన తర్వాత కోశాధికారి గారికి ఇచ్చి రసీదు తీసుకోండి. పన్ను మినహాయింపు రాదని ముందే చెప్తున్నాం. ఇచ్చే స్థితిలో లేనివారు శనివారం సాయంత్రం సంచులు కుట్టడానికి రండి, కుట్టుమిషన్లు రెండే ఉన్నాయి, ఇంకోటి ఉంటే తెచ్చుకోండి.

ప్రెషర్ కుక్కర్ ఎవరిదో వచ్చి తీసుకెళ్లగలరు.

ఇట్లు,
సంఘ కమిటీ