హేవలాక్ వంతెనకు హంగులకన్నా నడకదారి ముఖ్యం

సంపాదకుల వారికి,

రాజమహేంద్రవరం, కొవ్వూరుల మధ్య గోదావరి మీద 1900లో మొదలై 1997 దాకా రైళ్లను మోసిన హేవలాక్ వంతెన గురించి ఈ ఉత్తరం. 56 స్పాన్లు (రెండు స్తంభాల మధ్య ఉండే భాగాలు), రెండున్నర కిలోమీటర్ల పైన పొడవు. చిన్నప్పుడు రైలు వంతెన ఎక్కగానే చప్పుడు మారిపోయేది. అమ్మ నా చేతిలో నాణెం పెట్టి "గోదారమ్మకి వెయ్యరా" అనేది. నేను వేసినవాటిలో సగం గర్డర్‌కి తగిలి ఠంగుమనేవి! నదిలో పడ్డాయో లేదో ఇప్పటికీ తెలీదు.

అఖండ గోదావరి పథకం కింద ఈ వంతెనను పర్యాటక కేంద్రంగా మారుస్తామని 2025లో శంకుస్థాపన చేశారు. సంతోషమే. కానీ రంగుల లైట్లు, సెల్ఫీ పాయింట్లతో పాత ఇనుమును కప్పేస్తారేమోనని నాకు టెన్షన్. ముందు తుప్పు సంగతి చూడండి. గట్టి రెయిలింగ్‌తో నడకదారి, కూర్చోడానికి నాలుగు బెంచీలు, కట్టిన సంవత్సరం చెప్పే ఒక తెలుగు బోర్డు పెట్టండి. టికెట్ పెడితే మాత్రం సాయంత్రం గాలికొచ్చే ఊరివాళ్లకి వద్దు. 2027 పుష్కరాలకైనా మొదటి కొన్ని స్పాన్లు తెరిస్తే, మా మనవడి చేత నాణెం వేయిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం