ఖర్చయినట్లు రాస్తే చాలదు

సంపాదకునికి,

అయ్యా,

కేంద్ర గ్రాంట్ల మీద మన దగ్గర జరిగే చర్చ ఎంత వచ్చింది, ఎంత తగ్గింది అన్న దగ్గరే ఆగిపోతోంది. వచ్చిన సొమ్ముకు రాష్ట్ర ప్రభుత్వాలు లెక్క ఎలా చెబుతున్నాయో ఎవరికీ పట్టినట్లు లేదు. పంచాయతీ కార్యదర్శిగా ఏళ్ల తరబడి మార్చి నెలాఖరున యూసీల మీద సంతకాలు పెట్టినవాడిని కనుక ఇది రాస్తున్నాను.

యూసీ అంటే వినియోగ ధ్రువపత్రం: ఇచ్చిన సొమ్ము ఇచ్చిన పనికే ఖర్చయిందని గ్రాంటు పుచ్చుకున్నవారు రాసిచ్చే కాగితం. అది అందకపోతే తర్వాతి విడత ఆగిపోతుంది. అందుకే పని ఎంతవరకు వచ్చిందన్న దానికన్నా కాగితం పైకి వెళ్లిందా లేదా అన్నదే పై కార్యాలయాల ఆరాటం. ఖజానా నుంచి పీడీ ఖాతాలోకి, అంటే ఒక అధికారి పేరిట తెరిచిన డిపాజిట్ ఖాతాలోకి, మారిన సొమ్ము పద్దులో ఖర్చు కిందే కనిపిస్తుంది, కాలువలో తట్టెడు మట్టి తీయకపోయినా సరే. పెండింగు యూసీలను, పీడీ ఖాతాల్లో మూలుగుతున్న నిల్వలను ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ తన నివేదికల్లో పదేపదే ఎత్తిచూపుతోంది. రాజ్యాంగం 151వ అధికరణం ప్రకారం ఆ నివేదికలు శాసనసభ ముందుకు రావాల్సిందే, వస్తున్నాయి కూడా. అయితే తరచుగా సమావేశాల చివరి రోజున వస్తాయి కనుక వాటిని చదివి ప్రశ్నించే తీరిక సభ్యులకు ఉండదు.

కేంద్ర నిధులను ఎలా పంచాలో సూచించే పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థలకు 2.36 లక్షల కోట్ల రూపాయలకు పైగా సిఫార్సు చేసింది. అందులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి ముడిపెట్టింది. కేంద్రం నుంచి అందిన 10 పనిదినాల్లో రాష్ట్రం ఆ సొమ్మును స్థానిక సంస్థలకు చేర్చాలని, ఆలస్యమైతే వడ్డీతో సహా ఇవ్వాలని షరతు పెట్టింది. చక్కని షరతే. కానీ ఏ విడత రాష్ట్రానికి ఏ తేదీన చేరింది, తమ పంచాయతీ ఖాతాలో ఏ తేదీన పడింది, వడ్డీ కలిసిందా లేదా అన్నది ఏ వార్డు సభ్యుణ్ని అడిగినా చెప్పలేడు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఆర్థిక సంఘం నిధులను పంచాయతీల కరెంటు బకాయిల కింద సర్దుబాటు చేసినప్పుడు సర్పంచులు రోడ్డెక్కారు. తమకు ఒక్క మాటైనా చెప్పకుండా సొమ్ము తీసుకున్నారన్నదే వారి ప్రధాన ఫిర్యాదు. బకాయి న్యాయమైనదే కావచ్చు, ఆ సంగతి వేరు.

ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో (పంచాయతీల పనులు, ఖర్చుల వివరాలు ఉంచే ప్రభుత్వ పోర్టల్‌లో) అన్నీ ఉన్నాయి కదా అని అధికారులు అంటారు. ఉన్నాయి. అయితే 'మరమ్మతులు' అన్న ఒక్క మాట, దాని పక్కన ఒక అంకె చూసి అది ఏ వీధి కాలువో ఊరివాళ్లు పోల్చుకోలేరు. పాత చేతిరాత పద్దులో కనీసం కొట్టివేతైనా కంటికి కనిపించేది.

కనుక యూసీ పైకి పంపే ముందు దాని నకలును, సొమ్ము అందిన తేదీ, విడుదలైన తేదీ, పని జరిగిన వీధి పేరుతో సహా, తెలుగులో పంచాయతీ నోటీసు బోర్డు మీద అంటించి గ్రామసభలో చదివి వినిపించాలని రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. దీనికి కొత్త పోర్టల్ అక్కర్లేదు, ఒక జీవో చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత పంచాయతీ కార్యదర్శి,
గుంటూరు జిల్లా