ఇంటిల్లిపాదికీ ఒకే విటమిన్ సీసా వద్దు

సంపాదకులకు నమస్కారం.

కోడలికి రక్తం తక్కువని రాసిన ఐరన్ మాత్ర అత్తగారూ వేసుకోవడం, అత్తగారి విటమిన్ డి ప్యాకెట్ మనవడి పాలల్లో కలపడం విశాఖలో చాలా ఇళ్లలో మామూలైపోయింది. విటమినే కదా, ఏం చేస్తుందిలే అనే ధీమా దీనికి మూలం. వయసును బట్టి ఈ అవసరాలు మారతాయి. కొన్ని పెరుగుతాయి, కొన్ని తగ్గుతాయి.

ఐరన్ సంగతే చూడండి. భారత వైద్య పరిశోధన మండలి 2020 సిఫారసుల ప్రకారం నెలసరి వచ్చే వయసు స్త్రీకి రోజుకు 29 మి.గ్రా. కావాలి. నెలసరి ఆగిపోయాక 19 చాలు, మగవారికీ అంతే. అరవై దాటినవారికి హిమోగ్లోబిన్ తగ్గితే ముందు కారణం వెతకాలి. కడుపులోనో పేగుల్లోనో పుండు, కొన్నిసార్లు క్యాన్సర్, నెత్తుటిని కొద్దికొద్దిగా కారుస్తూ ఉండవచ్చు. సొంతంగా ఐరన్ మాత్ర మొదలుపెడితే హిమోగ్లోబిన్ కాస్త పెరుగుతుంది, జబ్బు మాత్రం లోపలే ముదురుతుంది. పైగా ఐరన్ వల్ల విరేచనం నల్లగా వస్తుంది కాబట్టి రక్తస్రావపు నలుపును ఎవరూ అనుమానించరు.

పెద్దవారిలో ఎక్కువగా గమనించాల్సింది బి12. వయసుతో పొట్టలో ఆమ్లం తగ్గి, ఆహారంలోని బి12 విడివడదు. దానికి తోడు ఏళ్ల తరబడి షుగరుకు మెట్‌ఫార్మిన్, పొద్దున్నే గ్యాస్ మాత్ర వాడుతుంటే లోటు ఇంకా పెరుగుతుంది. అరికాళ్ల తిమ్మిర్లు, నడకలో తూలడం, మతిమరుపు వస్తే షుగరు వల్లేలే అని వదిలేయకుండా రక్తంలో బి12 చూపించుకోవాలి. రోజుకు కావలసింది 2.2 మైక్రోగ్రాములే. అయినా 1000 మైక్రోగ్రాముల మాత్ర ఎందుకిస్తారంటే, పేగు సరిగా పీల్చలేని స్థితిలో కూడా అందులో దాదాపు నూరో వంతు ఒంటికి పడుతుంది. బి12 చూడకుండా ఫోలిక్ యాసిడ్ (బి9 విటమిన్) ఒక్కటే వాడితే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. మునగాకు ఎంత మంచిదైనా దానిలో బి12 లేదు. పాలు, పెరుగు, గుడ్లు, మాంసం, చేపల్లోనే ఉంటుంది. తిమ్మిర్ల మాత్రల్లో బి6 ఎంతుందో కూడా చదవండి. రోజుకు 100 మి.గ్రా. దాటి నెలల తరబడి వాడితే అదే తిమ్మిర్లు తెస్తుంది.

ఇక విటమిన్ డి. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో నడిచేవారు తమకు డి దండిగా అందుతోందనుకుంటారు. గుండెకూ షుగరుకూ ఆ నడక ఎంతో మేలు, కాని ఆ వేళ ఏటవాలు ఎండలో చర్మం డి తయారుచేసుకునే కిరణాలు దాదాపు ఉండవు. మన నీడ మన ఎత్తుకన్నా పొట్టిగా పడే వేళ ఎండే పనికొస్తుంది. కిటికీ అద్దం వెనక కూర్చుంటే అదీ అందదు. డెబ్బై దాటిన చర్మం అదే ఎండలో తయారుచేసేది కుర్రవారికన్నా బాగా తక్కువ. మే నెల మధ్యాహ్నం పెద్దవారిని ఎండలో కూర్చోమనలేం కాబట్టి వారికి రోజుకు 800 యూనిట్ల మాత్ర సబబే.

ప్రమాదమల్లా 60,000 యూనిట్ల ప్యాకెట్‌తో. పెద్దవారికి రోజుకు 800 లెక్కన అది 75 రోజుల అవసరం, 600 కావలసిన పిల్లవాడికి 100 రోజులది. లోపం ఉన్నవారికి సాధారణంగా వారానికొకటి చొప్పున 8 వారాలు రాస్తారు. దాన్ని రోజుకొకటిగా వేసుకోవడం, గడువు దాటినా పాత చీటీతో కొంటూ పోవడం రెండూ జరుగుతున్నాయి. డి కొవ్వులో నిలవ ఉండిపోతుంది, ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి. డాక్టర్లు చీటీ మీద “వారానికి ఒకటి, ఫలానా తేదీకి ఆపాలి” అని తెలుగులో రాయాలనీ, ఆ తేదీ దాటితే దుకాణదారులు ఇవ్వకూడదనీ గట్టిగా కోరుతున్నాం. చంటిబిడ్డకు రోజుకు 400 యూనిట్ల చుక్కలు చాలు. మి.లీ.కు 400 ఉన్న సీసాలూ 800 ఉన్నవీ దొరుకుతాయి. సీసా మారినప్పుడు పాత డ్రాపర్ గీతనే నమ్మితే మోతాదు రెట్టింపు కావచ్చు.

కాల్షియం నెలసరి ఆగిన స్త్రీలకు రోజుకు 1200 మి.గ్రా. కావాలి. అరలీటరు పాలు, పెరుగు కలిపి సుమారు 600, యాభై గ్రాముల చోడి పిండి అంబలితో 170 పైచిలుకు వస్తాయి. నెత్తళ్లు ముల్లుతో సహా తింటే ఇంకొంత. లోటుకు ఒక్క మాత్ర సరిపోతుంది. పెట్టె మీద “కాల్షియం కార్బొనేట్ 1250” అని ఉంటే అసలు కాల్షియం 500 మాత్రమే. దాన్ని అన్నం తిన్నాక వేసుకోవాలి. గ్యాస్ మాత్ర వాడేవారికి కాల్షియం సిట్రేట్ రకం నయం. థైరాయిడ్ మాత్రకూ కాల్షియానికీ నాలుగు గంటలు, ఐరన్‌కూ కాల్షియానికీ రెండు గంటలు ఎడం ఉండాలి. ఐరన్ వేసుకున్నాక గంట వరకు టీ, కాఫీ వద్దు.

బడిలో వారానికోసారి ఐరన్ మాత్ర మింగే పిల్లలకు ఇంట్లో ఐరన్ ఉన్న టానిక్ అక్కర్లేదు. గర్భం కోరుకునేవారు ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు ముందు నుంచే మొదలుపెట్టాలి. బిడ్డ మెదడు, వెన్నుపాముగా మారే నాళం మూసుకునేది మొదటి నాలుగు వారాల్లోనే, అప్పటికి చాలామందికి గర్భం సంగతే తెలియదు. జుట్టుకని బయోటిన్ (బి7 విటమిన్) వాడే అమ్మాయిలు థైరాయిడ్ పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపాలి, లేకుంటే ఫలితం తప్పు రావచ్చు.

ఇప్పటికే డి ప్యాకెట్లు లెక్క లేకుండా వాడినవారిలో విపరీతమైన దాహం, వాంతులు, మలబద్ధకం, అయోమయం కనిపిస్తే, డి, కాల్షియం రెండూ ఆపి, అదే రోజు డాక్టరుకు చూపించి రక్తంలో కాల్షియం, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పేది) పరీక్షలు చేయించాలి.

– పోషకాహార నిపుణులు, సీతమ్మధార, విశాఖపట్నం