తగువు పెట్టే పుస్తకం

డాలస్, టెక్సాస్

చిన్నీకి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగుండాం. అమ్మను మోకాళ్ళ నొప్పికి ఆస్పత్రికి పిలుచుకపోయినావని మామ ఫోన్లో చెప్పినాడు. మాత్రలు మింగుతోందో లేదో నువ్వే చూడాల. మింగినా అంటే నమ్మొద్దు, అట్ట లెక్కపెట్టు.

ఇంక నువ్వడిగిన సంగతి. ఎనిమిదో తరగతి పిల్లోళ్ళతో నవల చదివించి మాట్లాడించాల, ఏ పుస్తకం మంచిదో చెప్పక్కా అని రాసినావు. ఇక్కడ బడి లైబ్రరీలో ఆ ఈడు పిల్లలతో కూర్చుంటా కాబట్టి నాకు తెలిసింది చెప్తా. మంచి పుస్తకమని వెతకొద్దు. చదివినాక క్లాసు రెండు గుంపులై తగువులాడే పుస్తకం వెతుకు. ఆఖరి పేజీలో నీతి మూటగట్టి చేతిలో పెట్టే కథైతే, "కష్టపడితే ఫలితం వస్తుంది టీచర్" అని అందరూ ఒకే మాట అప్పజెప్పి గంట ఎప్పుడు కొడతారా అని కాచుకుంటారు. పుస్తకం పేరు మార్చినా అదే జవాబు వస్తుంది.

కళ్యాణదుర్గం పక్క పిల్లోళ్ళకు నేనైతే ముందు 'ఎ లాంగ్ వాక్ టు వాటర్' తీసుకుంటా. లిండా స్యూ పార్క్ 2010లో రాసింది, సన్న పుస్తకం. సూడాన్‌లో ఇద్దరు పదకొండేళ్ళ పిల్లల కథ. నయా అనే పిల్ల 2008లో దినామూ రెండుసార్లు గుంటకాడికి నడిచి నీళ్ళు మోస్తుంటుంది. సాల్వా 1985లో యుద్ధం మీదపడితే బళ్ళోనుంచి అట్లే పారిపోతాడు. వీడు నిజంగా ఉండే మనిషి. అమెరికా చేరి, పెద్దయినాక తిరిగిపోయి ఊర్లలో బోర్లు వేయించినాడు. వాడు డింకా తెగ, ఆ పిల్లది నూయెర్ తెగ. రెండిటికీ తరాల పగ. వాని కండ్ల ముందరే చిన్నాయనను కాల్చింది నూయెర్ మనుషులే. అయినా నయా ఊర్లో నీళ్ళు పడేది వాని చేతిమీదనే.

పగోళ్ళకు నీళ్ళు ఎందుకియ్యాల? ఆ ఒక్క ప్రశ్న అడిగి నువ్వు నోరు మూసుకో. మన జిల్లాలో ఏడాదంతా కలిపి పడే వాన 550 మిల్లీమీటర్ల దగ్గర. ట్యాంకరు కాడ బిందెల కొట్లాట చూడని పిల్లుండదు. ఒకరి చేన్లో కొత్త బోరు పడితే పక్క చేన్లో బోరు ఒట్టిపోయేది వాళ్ళ ఇండ్లల్లో సంగతే. తాగునీళ్ళ బోరు దగ్గర్లో ఇష్టమొచ్చినట్లు తవ్వకూడదని 2002లోనే వాల్టా చట్టం తెచ్చినారు గదా, మీ ఊర్లో ఎవరు పాటిస్తారని అడిగి చూడు, హెడ్మాస్టరు పరిగెత్తుకొస్తాడు.

అయితే ముందు నువ్వొక్కదానివే ఆఖరుదాకా చదువు. సాల్వా స్నేహితున్ని సింహం ఎత్తుకపోతుంది. చిన్నాయన చావు ఇంకా కష్టం. అప్పుల పాలై నాయన పోయిన పిల్లోడు నీ క్లాసులో ఉంటే, ఆ పేజీ వచ్చే దినం వానికి ముందే చెవిలో చెప్పు. పుస్తకం మానుకోమని కాదు నేననేది. వాడు నలుగురి ముందర తల దించుకోకూడదు.

రెండోది లోయిస్ లోరీ 'ది గివర్', 1993 నాటిది. మరుసటేడు న్యూబెరీ పతకం వచ్చింది, అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చేది. ఆ కథలో ఊర్లో నొప్పి లేదు, రంగులు లేవు, పన్నెండేండ్లకు నువ్వు ఫలానా పని చెయ్యాలని పెద్దలే తేలుస్తారు. హైస్కూల్లో అడుగుపెడుతూనే ఐఐటీ ఫౌండేషన్ అని కూర్చోబెట్టే మన ఊర్లకు ఇది కొత్తగాదు. ఆఖర్లో పిల్లోడు బతికినాడా చచ్చినాడా అని ఇక్కడ నా గుంపులో ఏడుపుల దాకా పోయింది. కానీ చంటిబిడ్డను సూదేసి చంపేది ఉంది, ఆరో తరగతికి వద్దు.

'హోల్స్' బాగా నవ్విస్తుంది. ఎండిపోయిన చెరువులో దినానికొక అయిదడుగుల గుంత తవ్వే పిల్లోళ్ళ కథ. మూడు కాలాల కథలు అల్లుకోనుంటాయి, నువ్వు బిగ్గరగా చదివి వినిపిస్తే చిక్కుపడతారు. వచ్చే ఏడు చూద్దాం.

తెలుగులో అందరూ 'రైలుబడి' అంటారు, అదే జపాన్ 'తొత్తోచాన్' బడి కథ. నాకూ ప్రాణమే, కానీ ఆ హెడ్మాస్టరును ఇష్టపడనోళ్ళు ఎవరు? తగువే పుట్టదు. కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' పెట్టు. తప్పిపోయిన పందికోసం ముసలాయన రాత్రిపూట అడవిలోకి పోతాడు. చిన్నదే. గెలిచింది ఎవరనే మాటకు వాళ్ళే కొట్లాడుకుంటారు. కొంచెం కటువుగా ఉంటుంది, పదమూడు నిండినోళ్ళకు చాలు.

ఇంగ్లీషు పుస్తకం ఒక్కటే కాపీ ఉన్నా పర్వాలేదు. దినానికొక అధ్యాయం నువ్వు చదివి తెలుగులో చెప్పు. ప్రశ్నల కాగితం పంచొద్దు, పరీక్షనుకుంటారు. ఎవరైనా ఏదన్నా అంటే "యాడుంది, చూపించు" అను, అంతే. వెనక బెంచీ ఆడపిల్లోళ్ళను పేరు పెట్టి పిలిస్తే గమ్మునుంటారు. పక్కదానికి చెప్పినాక మాట్లాడమను, అప్పుడు నోరు తెరుస్తారు.

మామ కొడుకు వచ్చే నెల ఊరికొస్తాడు, మొదటి రెండూ వాని చేతికిస్తా. వాడు తిరిగొచ్చేటప్పుడు చెనక్కాయల పొడి కట్టియ్యి, కారం తగ్గించొద్దని అమ్మకు చెప్పు. ఈలోపల క్లాసులో ఎంతమందికి ఇంగ్లీషు వినేంత వస్తుందో, ఎవరింట్లో ఏం జరిగిందో నాకు రాయి. దాన్నిబట్టి ఏది ముందో తేల్చుకుందాం.

మీ అక్క