10, 11 తేదీల్లో బిల్లింగ్ ఎందుకు నెమ్మదించింది, ఇప్పుడు ఏం మార్చాం

మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్న షాపుల వాళ్లందరికీ నమస్కారం.

ఈమధ్య ప్రతి నెలా 10, 11 తేదీల్లో సాయంత్రం ఏడు దాటాక బిల్లు సేవ్ నొక్కితే చక్రం తిరుగుతూనే ఉంటోందని చాలామంది ఫోన్ చేశారు. కౌంటర్ ముందు జనం నిలబడి ఉంటే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో మాకు తెలుసు. కారణం దొరికింది, మార్పులు కూడా చేశాం. అయితే వాటి వల్ల మీలో కొందరికి కొత్తగా ఒక మెసేజ్ కనిపిస్తుంది. అది నచ్చకపోవచ్చు కాబట్టి విషయం అంతా చెబుతున్నాను.

సర్వర్‌లో మీ పనులు చేసేవి థ్రెడ్లు. ఒక్కో థ్రెడ్ ఒకసారికి ఒకే పని పట్టుకుంటుంది. పని వచ్చినప్పుడల్లా కొత్త థ్రెడ్ పుట్టిస్తే సమయమూ మెమరీ రెండూ ఖర్చే. అందుకని కొన్నిటిని సిద్ధంగా ఉంచుకుని, వచ్చిన పనులను క్యూలో పెట్టి, ఏది ఖాళీ అయితే దానికి ఇస్తాం. దీన్నే థ్రెడ్ పూల్ అంటారు. ఇప్పటిదాకా 20 థ్రెడ్లున్న పూల్ ఒక్కటే బిల్లులు, ఎస్సెమ్మెస్‌లు, రిపోర్టులు అన్నీ చూసుకునేది.

ఒక్క బిల్లు సేవ్ కావడానికి 50 మిల్లీసెకన్లు పడుతుందనుకుందాం. 20 థ్రెడ్లు కలిసి సెకనుకు 400 బిల్లులు లాగేస్తాయి. అదే ఒక్కో పనికి పది సెకన్లు పడితే ఆ 20 థ్రెడ్లే సెకనుకు రెండు పనులు మాత్రమే పూర్తి చేయగలవు. నెలనెలా జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు చూపే జీఎస్టీ రిటర్న్) వేసేవాళ్లకు గడువు 11వ తేదీ. ముందు రోజు సాయంత్రం నుంచి ఆడిటర్లందరూ నెల మొత్తం అమ్మకాల రిపోర్టు తీస్తారు. మీ కౌంటర్లలో రద్దీ కూడా అప్పుడే. రెండు సబ్బులు కొనడానికి వచ్చిన మనిషి నెల సరుకుల లిస్టు వెనక నిలబడ్డట్టు, చిన్న బిల్లులన్నీ రిపోర్టుల వెనక ఆగిపోయాయి.

ఆ సమయంలో ఏ థ్రెడ్ ఏం చేస్తోందో తీసి చూశాం. కొన్ని రిపోర్టుల కోసం డేటాబేస్ జవాబు ఇచ్చేదాకా ఆగి ఉన్నాయి. మిగతావి ఎస్సెమ్మెస్ పంపే కంపెనీ సర్వర్ నుంచి జవాబు కోసం ఎదురుచూస్తున్నాయి. బిల్లు సేవ్ చేస్తున్న థ్రెడ్ ఒక్కటీ లేదు. ప్రాసెసర్ మీద మాత్రం పెద్ద లోడ్ లేదు. పెద్ద సర్వర్ కొనండని సలహా ఇచ్చినవాళ్లకు నా జవాబు ఇదే: కొన్నా ఈ ఇబ్బంది పోయేది కాదు.

థ్రెడ్లు పెంచొచ్చు కదా అని కూడా అడిగారు. పెంచినా చివరికి అన్నీ డేటాబేస్ దగ్గరికే వెళ్లాలి. మేం వాడే పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్ (విడిగా నడిచే ప్రోగ్రాము) ఉంటుంది, మామూలు సెట్టింగ్‌లో కనెక్షన్ల పరిమితి 100. క్యూ అక్కడికి జరుగుతుంది తప్ప తగ్గదు. ఇంకో సంగతి, జావా అనే ప్రోగ్రామింగ్ భాష రెడీమేడ్‌గా ఇచ్చే ఫిక్స్‌డ్ పూల్ (థ్రెడ్ల సంఖ్య మారని పూల్) వెనక ఉండే క్యూ 214 కోట్లకు పైగా పనులు పట్టేంత పెద్దది, అంటే హద్దు లేనట్టే. పూల్‌ను సొంతంగా తయారు చేసుకుని గరిష్ఠంగా ఇన్ని థ్రెడ్లు అని రాసినా, క్యూ నిండితేనే అదనపు థ్రెడ్లు పుడతాయి. నిండని క్యూ పెట్టుకుంటే ఆ అంకె కాగితం మీదే ఉంటుంది. కాబట్టి అసలు సరిచేయాల్సింది క్యూనే.

ఇప్పుడు బిల్లులకు వేరే పూల్ పెట్టాం. అందులోకి ఇంకే పనీ రాదు. ఎస్సెమ్మెస్‌లకు ఒకటి, రిపోర్టులకు ఒకటి. ఎస్సెమ్మెస్ జవాబు ఐదు సెకన్లలో రాకపోతే దాన్ని పక్కన పెట్టి తర్వాత మళ్లీ ప్రయత్నిస్తాం. క్యూ ఉండేది మెమరీలో కాబట్టి సర్వర్ ఆగితే అందులోవి పోతాయి. అందుకని ప్రతి పనినీ ముందు డేటాబేస్‌లో రాసుకుని, ఆ తర్వాతే క్యూలోకి పంపుతున్నాం. రాత్రిపూట అప్‌డేట్ చేసేటప్పుడు కూడా పూల్ కొత్త పనులు తీసుకోవడం ఆపి, చేతిలో ఉన్నవి పూర్తి చేశాకే మూతపడుతుంది.

రిపోర్టుల క్యూకు మాత్రం హద్దు పెట్టాం. అది నిండినప్పుడు ‘రిపోర్టుల లైను నిండింది, పది నిమిషాలాగి మళ్లీ అడగండి’ అని వస్తుంది. సాఫ్ట్‌వేర్ పాడైందనుకోకండి, ఇది కావాలనే పెట్టాం. ఇదివరకు అందరికీ సరేనని తీసుకుని అరగంట కూర్చోబెట్టేది. విసుగొచ్చి ఆడిటర్ మూడుసార్లు నొక్కితే అదే రిపోర్టు మూడుసార్లు తయారయ్యేది, వెనకున్నవాళ్లు ఇంకా వెనక్కి పోయేవాళ్లు. అరగంట ఆశపెట్టడం కన్నా వెంటనే కాదని చెప్పడమే మర్యాద అని నా నమ్మకం. ఒకే షాపు, ఒకే నెల రిపోర్టు రెండోసారి అడిగితే ఇకపై మొదటిదే ఇద్దరికీ అందుతుంది.

ఇంత చేసినా 11వ తేదీ సాయంత్రం రిపోర్టులు ఆలస్యం కావచ్చు, అది దాచను. బిల్లుల వేగం కాపాడటానికి రిపోర్టులకు తక్కువ థ్రెడ్లు ఇచ్చాం. వీలైతే 5 నుంచి 8వ తేదీ లోపు, మధ్యాహ్నం పూట తీసుకోమని మీ ఆడిటర్‌కు చెప్పండి. చందా పెంచడం లేదు. వచ్చే 10వ తేదీ సాయంత్రం మేమంతా ఆఫీసులోనే ఉంటాం. బిల్లు సేవ్ కావడానికి రెండు సెకన్లు దాటితే, టైమ్, బిల్లు నంబరు రాసుకుని ఎప్పుడూ చేసే నంబరుకే వెంటనే ఫోన్ చేయండి.