పాత బోర్డింగ్ పాయింటు చూపించిన మీ బుకింగ్ సైటుపై ఫిర్యాదు

అనంతపురం

కస్టమర్ సేవల విభాగం అధికారి గారికి,

విషయం: మీ సైటులో పాత సమాచారం కనిపించడం వల్ల బస్సు తప్పిపోయిన ఇద్దరి టికెట్ డబ్బుల గురించి.

అయ్యా,

నేను టవర్‌క్లాక్ దగ్గర చిన్న ఆన్‌లైన్ సేవల దుకాణం నడుపుతున్నాను. కరెంటు బిల్లులు, అడంగల్ కాపీలు, పిల్లల హాల్‌టికెట్లతో పాటు నాలుగేళ్లుగా మీ బస్సు టికెట్లు కూడా తీసిస్తున్నాను.

గత నెలలో శింగనమల వైపు నుంచి ఒక పెద్దాయన, ఆయన భార్య వచ్చారు. హైదరాబాదులో ఆసుపత్రికి వెళ్లాలి. రాత్రి బస్సుకు రెండు సీట్లు తీశాను, ఒక్కొక్కటి 900 రూపాయలు. ప్రింటులో ఎక్కే చోటు టవర్‌క్లాక్, సమయం 10.15 అని వచ్చింది. తీరా చూస్తే ఆ బస్సు ఊళ్లోకి రావడం మానేసి పన్నెండు రోజులైందట, హైవే మీద తపోవనం దగ్గరే ఎక్కించుకుంటోందట. మీ బస్సు అబ్బాయి ఫోన్ చేశాడు, కాదనను. కానీ టికెట్‌కు ఇచ్చింది హైదరాబాదులో ఉండే కొడుకు నెంబరు. ఆయన నాకు చెప్పి, నేను వీళ్లను ఆటో ఎక్కించి తీసుకెళ్లేసరికి బస్సు గుత్తి దారి పట్టేసింది. "చదువుకున్నోడివి, నువ్వే తప్పు రాసిస్తే ఎట్ల నాయనా?" అని ఆమె అడిగితే నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. "మా దగ్గర తపోవనం అనే కనిపిస్తోంది సార్, మీరు క్యాష్ క్లియర్ చేయండి" అంది ఆ అమ్మాయి. నేను మీకేం బాకీ ఉన్నానమ్మా అని అడిగాను. బ్రౌజర్ దాచిపెట్టుకునే పాత ఫైళ్లను అలా అంటారని అప్పుడు తెలిసింది. ఆమె చెప్పినట్టే అన్ని గళ్లలో టిక్కులు పెట్టి తుడిచేశాను. కుకీలు కూడా పోయి, నేను రోజూ వాడే మిగతా సైట్ల లాగిన్లన్నీ ఊడిపోయాయి. చిత్రాలు, ఫైళ్లు అన్న ఒక్క గడి చాలునని ఆమె చెప్పలేదు.

ఇంజనీరింగ్ చదివే మా అక్క కొడుకు దుకాణంలోని రెండో కంప్యూటర్ మీద ఎఫ్12 (ఏ ఫైలు ఎక్కడి నుంచి వస్తోందో చూపించే మీట) నొక్కి అసలు సంగతి చూపించాడు. దాంట్లో ఇంకా టవర్‌క్లాకే ఉంది. మీ పేజీ కొత్తదే వస్తోంది. బోర్డింగ్ పాయింట్లు ఉన్న ఫైలు మాత్రం మీ సర్వర్ నుంచి రావడం లేదు, మా డిస్కులోంచే వస్తోంది. ఎందుకంటే దానితో పాటు మీరు పంపిన ఆదేశం 'మాక్స్-ఏజ్ 31536000'. అన్ని సెకన్లంటే సరిగ్గా 365 రోజులు. ఏడాది దాకా మళ్లీ అడగొద్దని బ్రౌజర్‌కు మీరే చెప్పి, ఆ ఫైలు పేరు మార్చకుండా లోపలి వివరాలు మార్చేశారు. నిన్నటి శనక్కాయల రేటుకు ఈరోజు మూటలు కొనమంటే మా మార్కెట్లో ఎవరైనా కొంటారా?

మామూలుగా రీలోడ్ చేసినా లాభం లేకపోయింది. క్రోమ్ అలాంటప్పుడు అసలు పేజీ ఒక్కదాన్నే సర్వర్‌ను అడిగి, గడువు తీరని మిగతా ఫైళ్లను దాచుకున్న చోటి నుంచే తీసుకుంటుందట. కంట్రోల్ పట్టుకొని ఎఫ్5 కొడితే అన్నీ కొత్తగా తెచ్చుకుంది, తపోవనం కనిపించింది. ఇప్పుడు మా కుర్రాడు ప్రతి టికెట్‌కు ముందు దిష్టి తీసినట్టు అది మూడుసార్లు కొడుతున్నాడు. ఒక్కసారి చాలురా అన్నా వినడు.

"మా దగ్గర సరిగ్గానే ఉంది" అన్న మాట నిజమే కావచ్చు. మొదటిసారి సైటు తెరిచినవాళ్లకు కొత్త ఫైలే వెళ్తుంది. మీ దగ్గర రోజూ కొనే నాలాంటి వాళ్లకే పాతది మిగిలిపోతుంది. ఇక ఫోనులో టికెట్ తీసుకునేవాళ్లు ఏ ఎఫ్5 కొట్టాలి? ఫోను క్రోమ్‌లో అలాంటి మీటే లేదు, సెట్టింగుల్లోకి వెళ్లి తుడుచుకోవాలి, లేదా దాచుకున్న పాత ఫైళ్లు వాడని ఇన్‌కాగ్నిటో కిటికీలో తెరవాలి. ఆరు పదులు దాటిన మనిషిని ఇవన్నీ నేర్చుకొని బస్సెక్కమంటారా?

సరిచేయడం మీ చేతిలోని పని. వివరాలు మారినప్పుడల్లా ఫైలు పేరులో వెర్షన్ నెంబరు మార్చితే బ్రౌజర్ దాన్ని కొత్త ఫైలుగానే తెచ్చుకుంటుంది. లేదా ఆ ఒక్క ఫైలుకు 'నో-క్యాష్' అని పెట్టండి. పేరు అలా ఉన్నా అది దాచుకోవద్దని చెప్పడం కాదు, వాడే ముందు ప్రతిసారీ సర్వర్‌ను అడగమని. మారకపోతే మీ సర్వర్ '304' అని చిన్న జవాబు పంపి ఊరుకుంటుంది, ఫైలంతా మళ్లీ పంపనక్కర్లేదు. ఎప్పుడూ మారని లోగో బొమ్మలకు ఏడాది గడువు ఉంచుకోండి, ఎవరూ అడగరు.

'ప్రయాణికులు రాలేదు' అని రాసి రీఫండ్ తిరస్కరించారు. వాళ్లు వచ్చారు, మీరు చూపించిన చోటికే వచ్చారు. ఆ 1,800 రూపాయలు, ఆటోకు పెట్టిన 150 ఆ దంపతులకు పంపండి. నాకేమీ అక్కర్లేదు. 15 రోజుల్లో జవాబు రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెడతాను.

ఆ రోజు ఇచ్చిన ప్రింటు, రెండో కంప్యూటర్‌లో ఎఫ్12 తెరిచినప్పటి స్క్రీన్‌షాట్లు జతచేస్తున్నాను. ఆ కంప్యూటర్‌లో పాత ఫైలు కాపీ తీసి ఉంచాను, మీ వాళ్లు ఎవరైనా వచ్చి చూడొచ్చు. ఆదివారం మధ్యాహ్నం దుకాణం ఉండదు.

ఇట్లు,
ఆన్‌లైన్ సేవల దుకాణదారు,
టవర్‌క్లాక్ దగ్గర, అనంతపురం