వీటీ220 మీద గుహలాట

ఒరేయ్ శీనూ,

వీటీ220 దొరికిందన్నావుగా, అదే, ఇంకో కంప్యూటర్‌కి తగిలించి వాడే డెక్ కంపెనీ వాళ్ళ పాత తెరా కీబోర్డూ టెర్మినల్. దానిమీద పాత ఆటలు ఆడేదాకా ఇంక నువ్వు ఆగవు. ప్లగ్గు పెట్టేముందు మాత్రం వెనక్కి తిప్పి వోల్టేజీ స్విచ్చి చూడరా బాబూ. అమెరికాలో వాడినదైతే 115 మీద ఉంటుంది. మన 230లో అలాగే పెట్టావంటే ఆట మొదలవకుండానే సరి.

కేబులు నువ్వే కట్టుకో, మూడు తీగలు చాలు. టెర్మినల్ వెనక 25 పిన్నుల కనెక్టర్‌లో 2, 3, 7. కంప్యూటర్‌కి తగిలించే యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్ 9 పిన్నుల్లో 2, 3, 5. రెండుకి రెండు, మూడుకి మూడు, ఏడుకి ఐదు. పంపే తీగ, అందుకునే తీగ మార్చి కలపాలి కదా అంటావేమో! 25 పిన్నుల దాంట్లో 2 పంపేది, 9 పిన్నుల దాంట్లో 2 అందుకునేది. అంకెకి అంకె కలిపితే మార్పు దానంతటదే జరిగిపోతుంది. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు పిన్నులకి నేరుగా తగిలించావో, బోర్డు పోయినట్టే. అవి 3.3 వోల్టులకే ఓర్చుకుంటాయి.

ఎఫ్3 నొక్కితే సెటప్ వస్తుంది. 9600 బాడ్ (అక్షరాలు పంపే వేగం), 8 బిట్లు, పారిటీ (తప్పులు పట్టే అదనపు బిట్టు) వద్దు, ఎక్సాఫ్ (టెర్మినల్ వెనకబడితే కంప్యూటర్‌ని ఆగమనే సంకేతం) ఆన్, డేటా లీడ్స్ ఓన్లీ (మోడెం తీగలు అక్కర్లేదని). లైనక్స్‌లో సీరియల్ గెట్టీ, అంటే లాగిన్ అడిగే ప్రోగ్రాము, మామూలుగా 115200తో మొదలెడుతుంది. వీటీ220 గరిష్ఠం 19200, అందుకని అక్కడ కూడా 9600 అని గట్టిగా రాసెయ్. తెర నిండా చెత్త అక్షరాలొస్తే వేగం కుదరలేదని. అక్షరాలు బాగానే వస్తూ మధ్యమధ్యలో తిరగేసిన ప్రశ్నార్థకాలు కనిపిస్తే ఎక్సాఫ్ పనిచెయ్యట్లేదని. స్మూత్ స్క్రోల్ (లైన్లు మెల్లగా జారేది) పెడితే ఈ గోల మరీ ఎక్కువ, జంప్ స్క్రోల్‌కి మార్చు.

తెర మీద నేలమాళిగ గీసే రోగ్ ఆట జోలికి అప్పుడే వెళ్ళకు. ముందు అడ్వెంచర్ ఆడు. విల్ క్రౌథర్ రాసిన దాన్ని 1977లో డాన్ వుడ్స్ పెంచాడే, మాటలు టైపు చేస్తూ ఆడే ఆ గుహలాట. కాగితం మీద కొట్టే టెలిటైపులో కూడా ఆడదగ్గ ఆట అది. వరసగా లైన్లు పడటమే, కర్సర్‌తో పనిలేదు. అందుకే కేబులు పరీక్షకి దాన్ని మించింది లేదు. డెబియన్ లైనక్స్‌లో బీఎస్‌డీగేమ్స్ ప్యాకేజీలో దొరుకుతుంది. రూట్‌గా, అంటే అడ్మిన్‌గా ఉండి పిలిస్తే దొరకలేదంటుంది, ఆటల డైరెక్టరీ రూట్ ప్రోగ్రాముల్ని వెతికే దారిలో ఉండదు మరి. మామూలు యూజర్‌గా లాగినవ్వు.

ఆట మొదట్లో సూచనలు వద్దంటే నీ లాంతరు 330 ఎత్తులే వెలుగుతుంది, పగటి వెలుతురున్నచోట ఆర్పెయ్. చేతిలో నల్ల కర్ర ఉంటే పిట్ట చిక్కదు, కర్ర కింద పెట్టి పంజరంతో పట్టుకో. పాము దగ్గర ఆ పిట్టతోనే పని. అన్నీ ఒకేలా ఉండే దారుల చిక్కులో గదికో వస్తువు పడేస్తూ కాగితం మీద గీసుకో. ఇంటర్నెట్‌లో మ్యాపు చూశావంటే మాత్రం నీతో మాట్లాడను.

ఇది సాఫీగా నడిచాక రోగ్ ఎక్కించు. 1980 నాటిది, తెరలో మారిన చోటే మళ్ళీ గీస్తుంది కాబట్టి 9600 దానికి బోలెడు. టెర్మ్ (ఏ టెర్మినలో ప్రోగ్రాములకి చెప్పే సెట్టింగు) విలువ వీటీ220 అని లేకపోతే మాత్రం గోడలు చెల్లాచెదురవుతాయి. ఇంకోటి, ఆ కీబోర్డులో ఎస్కేప్ మీటే లేదు! కంట్రోల్ పట్టుకుని 3 నొక్కు. అంతా బిగుసుకుపోయినట్టుంటే కంట్రోల్ ఎస్ తగిలుంటుంది, కంట్రోల్ క్యూ కొట్టు.

అన్నట్టు, దాంతోపాటు ఎల్‌కే201 కీబోర్డు వచ్చిందా లేదా చెప్పనేలేదు. పీసీ కీబోర్డు దానికి పనికిరాదు, అది లేకపోతే సెటప్‌లోకి కూడా వెళ్ళలేవు. ముందు అది చూసి రాయి.

నీ
రాంబాబు